ఇచ్చు, తెచ్చు, పడు, కొను : ఎన్నికల తెలుగుపై ఒక పరిశీలన

ఎన్నికల రాతలను సాహిత్య విమర్శకులు పట్టించుకోరు. కరపత్రం, మైకు ఆటోలో వినిపించే ప్రసంగం, సభకు ముందు పాడే పాట, ఫలితాల మర్నాడు పత్రికలో వచ్చే పక్ష వ్యాఖ్య, ఇప్పుడు ఫోనులో చేతులు మారే వ్యాఖ్యానం - ఇవన్నీ వాడి పారేసే సరుకని మనకొక అభిప్రాయం. నిజానికి మన ప్రజానీకం ఎక్కువగా వినే, చదివే తెలుగు వచనం ఇదే. మన కవితా సంపుటాలు ఐదువందల ప్రతులు అచ్చయి, అందులో సగం మిత్రుల ఇళ్ళకు చేరుతుంటే, ఒక అసెంబ్లీ అభ్యర్థి కరపత్రం నియోజకవర్గంలోని ప్రతి గడపకూ చేరుతున్నది. ఆ భాష జనం ఆలోచనను ఎటు తిప్పుతున్నదో పరిశీలించే పని అభ్యుదయ రచయితలది కాకపోతే మరెవరిది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో 2014 నుంచి ఇప్పటి దాకా నాకు దొరికిన కరపత్రాలను, విన్న ప్రసంగాలను ఆధారం చేసుకుని నాలుగు మాటలు చెప్పదలచాను. ఏ పార్టీ మంచిదో చెప్పే స్వేచ్ఛను నా ఉద్యోగ నిబంధనలు నాకివ్వవు. వాక్యంలో కర్త ఎవరని అడిగే స్వేచ్ఛ మాత్రం చిన్నయసూరి దయవల్ల తెలుగు ఉపాధ్యాయుడికి ఎప్పుడూ ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్ననే అన్ని పక్షాలనూ అడుగుతాను.

2014 ఏప్రిల్ 30న తెలంగాణలో పోలింగు జరిగింది. రాష్ట్రం జూన్ 2న ఏర్పడబోతున్నది. ఆనాటి ఎన్నికల వాదమంతా రెండు క్రియల మధ్య నడిచింది. కాంగ్రెసు వారు 'ఇచ్చినం' అన్నారు. టీఆర్ఎస్ వారు 'తెచ్చినం' అన్నారు. ఊళ్ళలో జనం కూడా ఇచ్చినోళ్ళు, తెచ్చినోళ్ళు అనే పేర్లతోనే రెండు పక్షాలనూ పిలిచారు. ఇచ్చినవారికి కృతజ్ఞత చూపాలా, తెచ్చినవారికి పట్టం కట్టాలా అన్నదే చర్చ. ఈ ప్రాసకు మనమంతా ముచ్చటపడ్డాం. ఈ రెండు వాక్యాల్లోనూ జనం కర్త స్థానంలో లేరన్న సంగతిని మనలో గమనించినవారు తక్కువ.

జనం వాడిన క్రియ వేరే ఉంది. 2010 మే 28న మానుకోట రైల్వే స్టేషనులో ఏం జరిగిందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. జగన్మోహన్ రెడ్డి ఓదార్పు యాత్రను అడ్డుకోవడానికి వచ్చిన యువకుల చేతికి అందినవి పట్టాల మీది కంకరరాళ్ళు. 'మానుకోట రాళ్ళు' అన్న మాట ఆ తర్వాత ఉద్యమంలో జాతీయంలా స్థిరపడింది. అక్కడ నిలబడినవారిని రాష్ట్రం గురించి అడిగితే 'ఇచ్చిండ్రు' అనరు, 'తెచ్చిండ్రు' అనరు. 'కొట్లాడి తెచ్చుకున్నం' అంటారు. జనగామ జిల్లా సంగతీ అంతే. 2016 ఆగస్టులో వచ్చిన కొత్త జిల్లాల ముసాయిదాలో జనగామ పేరు లేదు. నెలల తరబడి బందులు, దీక్షలు, రాస్తారోకోలు జరిగాక, అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేనాటికి సిరిసిల్ల, గద్వాల, ఆసిఫాబాదులతో పాటు జనగామ కూడా జాబితాలో చేరింది. ఊరివారు 'జిల్లా సాధించుకున్నం' అన్నారు. తర్వాతి ఎన్నికల ఫ్లెక్సీల మీద మాత్రం 'జిల్లా ఇచ్చిన నాయకుడు' అని అచ్చయింది. ఒకే సంఘటనకు రెండు క్రియలన్న మాట. వీటి మధ్య ఉన్నది మాండలిక భేదం కాదు.

విద్యార్థుల కోసం కొంచెం వ్యాకరణం చెప్పక తప్పదు. తెలుగులో 'కొను' అనేది స్వతంత్ర ధాతువుగా ఖరీదు చేయడం అనే అర్థాన్నిస్తుంది. మరో ధాతువుకు చేరినప్పుడు ఆత్మార్థకం అవుతుంది. అంటే క్రియాఫలం కర్తకే చెందుతుంది. వండాడు అంటే ఎవరికోసమైనా వండి ఉండవచ్చు. వండుకున్నాడు అంటే తన కోసమే. పండించుకున్నాం, కోసుకున్నాం, నిలబెట్టుకున్నాం - ఈ రూపాల్లో పనిచేసేవాడూ ఫలం పొందేవాడూ ఒక్కడే. శ్రమకూ ఫలానికీ మధ్య మూడో మనిషి లేడని చెప్పడానికి ఇంత చిన్న ప్రత్యయం మన భాషకుండడం విశేషం. నేను సేకరించిన కరపత్రాల్లో ప్రజలు కర్తగా ఈ 'కొను' కనిపించే వాక్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. (పోలింగుకు ముందు రెండు రాత్రులు అది తన స్వతంత్రార్థంలో చురుకుగా పనిచేస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. అది వేరే వ్యాసం.)

ఇక 'కు' ప్రత్యయం. సంప్రదాన చతుర్థికి కొరకున్, కై అని పట్టికలో చదువుతాం గాని, ఇచ్చేచోట వ్యవహారంలో వచ్చేది కు, కి. పట్టికలో చూస్తే ఇవి షష్ఠిలో ఉంటాయి. 'రైతుకు పది వేలు ఇచ్చాం' అన్నప్పుడు రైతు గ్రహీత. 'రైతుకు పదెకరాలు ఉంది' అన్నప్పుడు రైతు హక్కుదారు. ప్రత్యయం ఒక్కటే, కాపురం రెండిళ్ళలో. ఈ రెండిళ్ళ మధ్య తేడాయే మన ప్రాంత రాజకీయ చరిత్రలో సగం.

'దున్నేవానికే భూమి' అన్న నినాదాన్ని చూడండి. అందులో 'ఇచ్చు' లేదు, ఇచ్చేవాడూ లేడు. దున్నడం వల్ల భూమి వానిదవుతుందని చెప్పే హక్కు వాక్యమది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన నేల ఈ వాక్యాన్ని నిలబెట్టింది. పాలకుర్తి ఐలమ్మ మల్లంపల్లి మక్తేదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. విసునూరు దేశ్‌ముఖ్ కన్ను ఆ పంట మీద పడితే, సంఘం కార్యకర్తలతో కలిసి కోసుకుని ఇల్లు చేర్చుకుంది. కోసుకుంది, చేర్చుకుంది - రెండు క్రియల్లోనూ 'కొను' ఉంది. ఆనాడు జనగామ నల్లగొండ జిల్లాలోని తాలూకా. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చినప్పుడు అదే నల్లగొండ నుంచి పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ అభ్యర్థి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచాడు. అదీ ఎన్నికే, అక్కడా పక్ష ప్రచారమే. పక్షం వహించడమే దోషమని నేననడం లేదు. ఆ పక్షం ఓటరును ఏ విభక్తిలో నిలబెట్టింది అన్నదే ప్రశ్న.

ఇప్పుడు పాలకుర్తిలో ఏ పార్టీ సభ పెట్టినా పోతనను, సోమనాథుణ్ణి, ఐలమ్మను తలచుకోకుండా ప్రసంగం మొదలుకాదు. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు, మంచిదే. ఐతే ఒక చిన్న లెక్క చూద్దాం. 2018 మే 10న రైతుబంధు మొదలైంది, ఎకరాకు పంటకు నాలుగు వేలు. తర్వాత ఐదు వేలు చేశారు. అది పట్టాదారుకే. 2023 ఎన్నికల ముందు కాంగ్రెసు పార్టీ కౌలుదారులకు కూడా కలిపి ఏడాదికి ఎకరాకు 15 వేలని హామీ ఇచ్చింది. 2025 జనవరి 26న రైతుభరోసా పేరుతో మొదలైనప్పుడు అది 12 వేలయింది, పట్టాదారుల ఖాతాలకే వెళ్ళింది. భూమిలేని కూలీలకు వేరుగా ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టి, అంతకుముందు ఏడాది ఉపాధి పనికి ఇరవై రోజులు వెళ్ళి ఉండాలన్నారు. కౌలుదారు ఈ రెంటి నడుమ జారిపోయాడు. ఐలమ్మ కౌలుదారు. ఆమె విగ్రహం ముందు నిలబడి ప్రసంగించిన ఏ పక్షం పథకంలోనూ ఆమె ఖాతాలో ఒక్క రూపాయి పడేది కాదు.

'పడేది' అన్నాను. మూడో క్రియ ఇదే. మొదటి విడత రైతుబంధును ఊరూరా సభలు పెట్టి చెక్కులుగా చేతికిచ్చారు, కనుక అప్పుడు క్రియ 'ఇచ్చు'. తర్వాత నేరుగా బ్యాంకు ఖాతాలో వేయడంతో జనం నోట క్రియ మారింది. 'పైసలు పడ్డయా?' 'మాకింకా పడలే.' పింఛను పడుతుంది, గ్యాసు రాయితీ పడుతుంది, వాన పడుతుంది. మోడల్ కోడ్ ముగిశాక ఒకనాడు తొమ్మిదో తరగతిలో కర్త, కర్మ పాఠం చెబుతూ ఈ వాక్యాన్ని నల్లబల్ల మీద రాశాను. 'పైసలే కర్త సార్' అన్నాడు ఒకడు. వ్యాకరణం ప్రకారం వాడికి పూర్తి మార్కులు వేయాలి. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం, 'మరి వేసిందెవరు సార్, వాళ్ళకు యాడివి?' అంది. పన్ను కట్టేది మనమే కదా అన్నది ఆమె ఉద్దేశం. యూరియా బస్తాతో సహా ఆ కుటుంబం కొనే అనేక వస్తువుల ధరల్లో ప్రభుత్వాల వాటాలున్నాయి. ఎమ్మే క్లాసులో ఇంత సూటి ప్రశ్న నేను వినలేదు.

వానలా పడే సొమ్ముకు వాన దేవుడొకడు కావాలి. ఆ దేవుడు ఎవరన్నదే పక్షాల జగడం. 2023 నవంబరులో పోలింగుకు కొద్ది రోజుల ముందు రైతుబంధు విడుదలకు ఎన్నికల సంఘం షరతులతో అనుమతి ఇచ్చింది. ఆనాటి ఆర్థికమంత్రి ఒక సభలో ఆ సొమ్ము ఫలానా రోజు పొద్దున్నే పడుతుందని చెప్పారు. ఆ మాట ఆధారంగా నవంబరు 27న సంఘం అనుమతిని వెనక్కి తీసుకున్నది. ఆ రెండు మూడు రోజుల వ్యాఖ్యానం చదివితే ఎవరికైనా విషయం బోధపడుతుంది. ఒక పక్షం 'నోటికాడి ముద్ద లాక్కున్నారు' అన్నది. ఇంకో పక్షం 'మేం వచ్చాక ఎక్కువ ఇస్తాం' అన్నది. అది రైతు హక్కయితే ఒక మంత్రి మాటతో ఎందుకు ఆగుతుంది, దయ అయితే ఎన్నికల వేళ ఎందుకు పంచుతారు అని అడిగిన వ్యాఖ్య నా కంటబడలేదు.

అదే సంవత్సరం సెప్టెంబరు 17న తుక్కుగూడ సభలో సోనియాగాంధీ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. ఆ తేదీకే మనకు ఏకాభిప్రాయం లేదు. విమోచనమనీ, విలీనమనీ, సమైక్యతా దినమనీ, 2024 నుంచి ప్రజాపాలన దినమనీ, అధికారంలో ఉన్నవారిని బట్టి దాని పేరు మారుతున్నది. దాన్నలా ఉంచి గ్యారంటీ మాట చూద్దాం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ వారు కూడా 'మోదీ గ్యారంటీ' అన్నారు గనుక ఈ మాట రెండు జాతీయ పక్షాల ఉమ్మడి ఆస్తి. మన ఊళ్ళలో దీనికి పాతమాటలు జమానతు, పూచీ. పూచీలో ఎప్పుడూ ముగ్గురుంటారు: అప్పిచ్చేవాడు, తీసుకునేవాడు, పూచీపడేవాడు. తీసుకునేవాడే తనకు తాను పూచీ పడితే దాన్ని జమానతని ఏ సావుకారీ ఒప్పుకోడు. ఇక్కడ ఓటు అప్పుగా ఇచ్చింది ఓటరు. తీసుకున్నదీ పూచీ నిలిచిందీ ఒక్కరే. కాని వాక్య నిర్మాణం మాత్రం ఓటరే పుచ్చుకుంటున్నట్టు ఉంటుంది.

పథకాలను నేను చులకన చేస్తున్నానని అనుకోవద్దు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళు టికెట్టు లేకుండా బస్సెక్కుతున్నారు. మా బడి పక్క ఊరి నుంచి పత్తి ఏరడానికి వెళ్ళే కూలీలకు దానివల్ల మిగిలే డబ్బు ఎంతో నాకు తెలుసు. రైతుబంధు వల్ల విత్తనాల వేళ వడ్డీ వ్యాపారి గడప తొక్కని చిన్న రైతులూ ఉన్నారు. జనానికి అందవలసిందే అందుతున్నది. అందుతున్న దానిని ఏ మాటల్లో చెబుతున్నారన్నదే నా విచారం.

మహబూబాబాద్ జిల్లాకు వెళితే ఇది మరింత స్పష్టమవుతుంది. కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం మండలాల్లో పోడు ప్రతి ఎన్నికలోనూ మొదటి అంశం. 2023 జూన్ 30 నుంచి నాటి ప్రభుత్వం పట్టాలు పంచింది. 'మేం పోడు పట్టాలిచ్చినం' అన్నది ఆ పక్షం వాక్యం. 'అందరికీ ఇయ్యలేదు, మేమిస్తం' అన్నది ఎదుటి పక్షం వాక్యం. ఆధారమైన 2006 చట్టం పేరులో ఏముంది? అటవీ హక్కుల 'గుర్తింపు' అని ఉంది. హక్కు ముందునుంచే ఉంది, చరిత్రలో దానికి అన్యాయం జరిగింది, ఇప్పుడు గుర్తిస్తున్నామని ఆ చట్టం పీఠికే చెబుతుంది. గుర్తించేవాడు దాత కాడు. 'పోడు కొట్టుకున్నం, దున్నుకున్నం' అనే కోయ, లంబాడా రైతు వ్యవహారానికీ చట్టానికీ వ్యాకరణం కలుస్తున్నది. కలవనిది నాయకుడి ప్రసంగానికే.

అదే జిల్లాలోని బయ్యారం కథ కొంచెం భిన్నం. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం మాట ఉంది. బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లా. అక్కడి క్రియను జాగ్రత్తగా చదవాలి: ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలను 'పరిశీలించాలి'. నెలకొల్పాలని కాదు. పదేళ్ళుగా ఎన్నికల వేదికల మీద ఇది 'చట్టంలో ఇచ్చిన కర్మాగారం' అయింది, సాధ్యపడదని కేంద్రం అన్నాక 'ఎగ్గొట్టిన కర్మాగారం' అయింది. 1966 నాటి విశాఖ ఉక్కు నినాదాన్ని అనుకరించి బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు అన్నారు. ప్రాస కుదిరింది, షష్ఠీ విభక్తీ కుదిరింది. ఆ విభక్తి వెనక 1966లో నిలిచినంత జనం ఇక్కడ నిలవలేదు.

భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ దగ్గర మరో వింత చూశాం. 2019 జూన్ 21న ప్రారంభమైనప్పుడు క్రియలన్నీ సకర్మకాలు: కట్టినం, మళ్ళించినం, ఎత్తిపోసినం. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాక క్రియ అకర్మకమైంది: 'కుంగింది'. విద్రోహ చర్యేమోనన్న అనుమానంతో పోలీసు ఫిర్యాదు కూడా వెళ్ళింది గనుక, కర్త స్థానం కొన్నాళ్ళు అజ్ఞాత వ్యక్తికి కేటాయించారన్న మాట. ఎదుటి పక్షాలు అంతకు తక్కువ తినలేదు. ఒక బరాజులో ఒక బ్లాకు కుంగితే 'కాళేశ్వరం కూలింది' అని మొత్తానికి అంటగట్టాయి. ఏడాదిలో నీళ్ళెన్ని వచ్చాయి, ఎత్తిపోతకు కరెంటు ఖర్చెంత, ఏ ఊరి ఆయకట్టుకు ఎన్ని తడులు అందాయి అన్న చర్చకు రెండు పక్షాల భాషలోనూ చోటు దొరకలేదు. జార్జ్ ఆర్వెల్ 1946లో రాజకీయాల ఇంగ్లీషు గురించి రాసిన వ్యాసంలో బాధ్యతను దాచే వాక్య నిర్మాణాలను ఎత్తి చూపాడు. మన తెలుగుకు ఆ పని ఎవరైనా చేయాలి.

పక్షం మారితే వాక్యం మారుతుందా? భూపాలపల్లి నియోజకవర్గమే దీనికి ఉదాహరణ. 2018లో గండ్ర వెంకటరమణారెడ్డి కాంగ్రెసు తరఫున గెలిచి తర్వాత టీఆర్ఎస్‌లో చేరారు. ఆ ఎన్నికలో ఫార్వర్డ్ బ్లాక్ తరఫున నిలిచి ఓడిన గండ్ర సత్యనారాయణరావు 2023లో కాంగ్రెసు తరఫున ఆయనపై గెలిచారు. రెండు ఎన్నికల కరపత్రాలనూ పక్కపక్కన పెట్టి, జెండా రంగు, పేరు చెరిపేసి ఒక మిత్రుడికి చూపాను. ఏది ఎవరిదో చెప్పలేకపోయాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో కడియం శ్రీహరి 2023 నవంబరులో బీఆర్ఎస్ తరఫున గెలిచి 2024 మార్చిలో కాంగ్రెసులో చేరారు. దశాబ్దాల పాటు జనగామ కాంగ్రెసుకు మారుపేరైన పొన్నాల లక్ష్మయ్య 2023 అక్టోబరులో బీఆర్ఎస్‌లో చేరారు. వ్యక్తుల మంచిచెడ్డలు నాకక్కరలేదు. వీరి వెంట నడిచిన స్థానిక వ్యాఖ్యాతలు తమ పాత వాక్యాలను ఒక్క క్రియాపదమైనా మార్చకుండా కొత్త పార్టీకి వాడుకోగలిగారన్నదే నా అభియోగం. అలా వాడుకోగలిగారంటే ఆ వాక్యాల్లో రాజకీయ భావమే లేదన్న మాట. దాత పేరున్న చోట ఖాళీ ఉంచితే చాలు.

మన వైపు చూసుకోకపోతే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. 2023లో సీపీఐ కాంగ్రెసుతో పొత్తు పెట్టుకుని కొత్తగూడెం గెలిచింది. సీపీఎం విడిగా నిలిచింది, ఒక్క స్థానమూ రాలేదు. డిసెంబరు 3న ఫలితాలు వచ్చాక మన రచయితలు కొందరు రాసినవి చదివాను. 'ప్రజలు బుద్ధి చెప్పారు', 'ప్రజలు గుణపాఠం నేర్పారు' - ఓట్ల లెక్కింపు నాడు ఒక్కరోజు మాత్రం ప్రజలకు మన వాక్యాల్లో కర్తృత్వం దొరుకుతుంది. మనకు నచ్చని ఫలితం వస్తే మర్నాడే 'ప్రజలు మోసపోయారు' అంటాం. అదే జనం, అదే చేయి, అదే సిరా చుక్క. ఒక చోట తీర్పరులు, ఇంకో చోట అమాయకులు. పాలకపక్షాలు జనాన్ని గ్రహీతను చేస్తే, మనం న్యాయమూర్తినో పసిపిల్లనో చేస్తున్నాం. కౌలుకు చేసుకుంటున్న మనిషి, గనిలో కాంట్రాక్టు కింద దిగుతున్న మనిషి, పోడు కొట్టుకున్న మనిషి మన ఎన్నికల వ్యాఖ్యల్లో నేరుగా మాట్లాడిన సందర్భాలు ఎన్ని? మన కథల్లో వాళ్ళు బాగానే మాట్లాడతారు. వ్యాసానికి వచ్చేసరికి 'ప్రజానీకం' అయిపోతారు. ఈ వ్యాసం మొదటి పేరాలోనూ ఆ మాట ఉంది, పాఠకులు గమనించే ఉంటారు.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా జరిగాయి. అక్కడ పార్టీ గుర్తులుండవు. పక్షం తెలిసినా పైకి చెప్పకుండా అన్నా, వదినా, బాపూ అని వరసలు కలుపుకుంటూ ఓటడుగుతారు. చాలా ఊళ్ళలో సర్పంచి అభ్యర్థులు బాండు పేపరు మీద హామీలు రాసిచ్చారు. 'రాసిచ్చు' మన ప్రాంతంలో బరువైన మాట. మా తాతల కాలంలో రాసిచ్చింది జీతగాడు, రాయించుకున్నది దొర. ఇప్పుడు పదవి కోరేవాడు రాసిచ్చాడు, ఊరు రాయించుకున్నది. నేను చూసిన ఒక కాగితంలో కోతుల బెడద, బొడ్రాయి దగ్గరి మోరీ, బడికి ప్రహరీ గోడ వరుసగా రాసి, కింద ఏడాదిలో చేయకపోతే దిగిపోతానని సంతకం చేసి ఉంది. సాక్షుల చోట నాలుగు పేర్లున్నాయి, రెండు వేలిముద్రలు.